రాతి మీద ‘గారు’

కొత్తపట్నం చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళయితే, "అక్కడ చూడ్డానికేముందమ్మా, ఇసకా చేపలూ తప్ప" అంటారు. నిజమే. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. మా నాయనమ్మ సమాధి మీద రాయి వేయించడానికి మా నాన్న వెళ్తుంటే నన్ను వెంట పంపారు, అంతే. ఎనభైల్లో సంగతి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ప్రత్తిపాడు నుంచి కొత్తపట్నానికి పోను రెండు రోజులు, రాను ఒక రోజు. ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను, విమానం కూడా ఎక్కాను. అయినా నువ్వు చేసిన పెద్ద ప్రయాణమేదని ఎవరైనా అడిగితే దీని పేరే చెప్తాను.

ముందుగా ఒక మాట. ఇందులో ‘నాన్న’ అనీ, ‘అన్నాడు, వచ్చాడు’ అనీ రాస్తున్నాను. అప్పట్లో నా నోట ఆ మాటలు లేవు. ఎలా వచ్చాయో చివర్లో చెప్తాను.

బయల్దేరే ముందు

మా నాన్న పేరు జకరయ్య. ప్రత్తిపాడు మిషన్ బడిలో నాలుగు, ఐదు తరగతులకు తెలుగూ లెక్కలూ ఆయనే చెప్పేవాడు. ఊళ్ళో ఎవరి నోట విన్నా ‘జకరయ్య మాస్టారు గారు’. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క, ఒక ఎర్ర సిరా పెన్ను. ఇంట్లో మాట తక్కువ. అన్నం ఒక్కడే కూర్చుని తినేవాడు. ఆయన తింటున్నంతసేపూ మేం గుసగుసలాడేవాళ్ళం.

ఒకటో తరగతిలో చేరిన రోజు ఆయన వరండాలో కనబడితే "నాన్నా" అంటూ పరిగెత్తాను. "బడిలో నాన్నలుండరు. మాస్టారు అనాలి" అన్నాడు. సరే అన్నాను. నాకు చెప్పింది చెప్పినట్టు చేసే జబ్బు చిన్నప్పట్నుంచీ ఉంది. బడిలో మాస్టారు, ఇంట్లో నాన్న అని నాలుక మార్చుకోవడం నాకు చేతకాలేదు. కొన్నాళ్ళకి ఇంట్లో కూడా మాస్టారండీ, అవునండీ, లేదండీ అయిపోయింది. మా అమ్మ మొత్తుకునేది, "ఇంట్లో కూడా అండి గిండి ఏంటే, దొరసానీ" అని. నాన్న మాత్రం ఏమీ అనలేదు. ప్రతి తప్పూ దిద్దే మనిషి దీన్ని దిద్దలేదంటే ఇది ఒప్పే అయ్యుంటుందని నేననుకున్నాను.

ఆయన తరగతిలో తప్పులకి ఒక పద్ధతుండేది. తప్పు రాసినవాళ్ళు ఆ తప్పుని బోర్డు మీద అందరికీ కనబడేట్టు రాసి, కింద తమ పేరు రాయాలి. సాయంత్రం గంట కొట్టేదాకా అది చెరపకూడదు. ఇంటికెళ్ళి సరైన మాట పదిసార్లు రాసి చూపించాలి. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టి టిక్కు పెట్టేవాడు. తొమ్మిది రాసి పది అని చెప్పినవాడు ఆయన దగ్గర బతికి బట్టకట్టలేదు.

నాయనమ్మ కొత్తపట్నంలో ఎండుచేపలు అమ్మి నాన్నని చదివించింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఆ రోజుకి సమాధి మీద నల్లరాయి వేయించాలని నాన్న నిశ్చయించాడు. రాయి మార్టూరులో చెక్కుతున్నారు. చెక్కే మేస్త్రీకి మాటలు పెద్ద అక్షరాలతో రాసి పంపాలి. నా రాత గుండ్రంగా ఉంటుందని బడిలో చార్టులన్నీ నాచేతే రాయించేవాడు. ఇదీ నాకే ఇచ్చాడు. ఆయన చిన్న కాగితం మీద రాసిచ్చింది ఇంతే:

*మరియమ్మ
ప్రభువునందు నిద్రించినది
ఈ రాయి వేయించినది కుమారుడు జకరయ్య*

"చూసి రాయి" అన్నాడు. రాశాను. మర్నాడు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఆయన హడావుడిలో ఉన్నాడు. నా కాగితం మడిచి కవర్లో పెట్టి పోస్టులో వేసేశాడు. ఆయన దిద్దకుండా వదిలిన కాగితం నాకు తెలిసి అదొక్కటే.

మా తమ్ముడు పుట్టి నెల కాలేదు, అమ్మ కదల్లేదు. "సువార్తా, నువ్వెళ్ళవే. ఆయన ఒక్కరే వెళ్తే దారిలో అన్నం కూడా తినరు" అంది. మూడు రోజులు ఆయనతో ఒక్కదాన్నే ఉండాలంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాదంటే ఆయన "ఎందుకు?" అని అడుగుతాడు. అందుకని వెళ్ళాను.

పేట దాకా, మిరప బస్తా మీద

మా వైపు మాఘం దాటిందంటే ఊళ్ళకి ఊళ్ళే తుమ్ముతుంటాయి. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి. గాలి ఇటు తిరిగితే ఇటువాళ్ళు దగ్గుతారు, అటు తిరిగితే అటువాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. మేం ముక్కు మాత్రం తుడుచుకుంటాం.

చిలకలూరిపేట బస్సులో కూర్చోడానికి చోటు లేదు. నాన్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఒక రైతు గారి భార్య, లావుపాటి మనిషి, నన్ను చెయ్యి పట్టుకు లాగి తన మిరప బస్తా మీద కూర్చోబెట్టింది. "కూచో బుజ్జీ, మెత్తగా ఉంటది" అంది. మెత్తగానే ఉంది. రెండు మైళ్ళు వెళ్ళేసరికి గౌను కింద కాళ్ళు భగ్గుమన్నాయి. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

"మాస్టారండీ, ఇంకా ఎంత దూరమండీ?" అని మాత్రం అడిగాను.

ఆమె నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "హాస్టలు పిల్లా అయ్యా?" అంది నాన్నతో.

"నాలుగో తరగతి" అన్నాడు నాన్న.

అబద్ధం కాదు. నాకు అప్పుడేమీ అనిపించలేదు. ఆమెకే ఏమనిపించిందో నా తల నిమిరి, మూటలోంచి ఒక చెక్కబెల్లం ముక్క తీసిచ్చింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, "అమ్మ గుర్తొచ్చిందేమో" అని పక్కావిడతో చెప్పింది. నాకు గుర్తొస్తున్నది అమ్మ కాదు, చల్లనీళ్ళ తొట్టి.

పేటలో దిగాక నేను కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటే నాన్న ఆగి చూశాడు. విషయం తెలిసింది. ఒక ఇంటివాళ్ళనడిగి మజ్జిగ తెచ్చాడు. ఆ ఇంటి పెద్దావిడ నన్ను పంచలోకి తీసుకెళ్ళి కాళ్ళకి మజ్జిగ రాసింది. ప్రాణం లేచొచ్చింది.

"మండుతుంటే చెప్పాలి కదా" అన్నాడు నాన్న, నేను బయటికి రాగానే.

"మీరు అడగలేదండి."

అడిగినదానికే జవాబు చెప్పాలన్నది ఆయన తరగతిలో ఇంకో రూలు. తర్వాత బజార్లో నిమ్మకాయ సోడా కొనిచ్చాడు. మా ఊళ్ళో సోడా పావలా, పేటలో ముప్పావలా. గోలీ కూడా పెద్దదిగా ఉందని నాకనిపించింది. పేటలో నేను చూసిన ఇంకో వింత పత్తి. మిల్లుల ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఊరంతా దూది ఎగురుతోంది. నాన్న నల్ల జుట్టు మీద తెల్లగా రెండు పోగులు పడ్డాయి. చెప్తే ఏమనుకుంటాడోనని చెప్పలేదు. మార్టూరు దాకా అవి అలాగే ఉన్నాయి.

మార్టూరు: పాలిష్ ఫ్యాక్టరీ

మార్టూరు వెళ్ళనివాళ్ళకి ఒక్కటి చెప్తాను. అక్కడ మాట్లాడాలంటే అరవాలి. రేకుల షెడ్డు కింద పెద్ద చక్రాలు రాళ్ళని అరగదీస్తుంటాయి. వాటి మీద నీళ్ళు పోస్తుంటే బూడిద రంగు బురద పెరుగులాగా కిందికి కారుతుంది. మనుషులు కనుబొమ్మల దాకా తెల్లగా ఉంటారు. ఊళ్ళో కట్టే రాళ్ళన్నీ ఇలాంటి చోట పుడతాయని నాకు అప్పటిదాకా తెలీదు.

మస్తాన్ మేస్త్రీ షెడ్డు చివర వేపచెట్టు కింద కూర్చుని అక్షరాలు చెక్కుతాడు. యాభై ఏళ్ళుంటాయి. నాన్నని చూడగానే లేచి నిలబడి, లుంగీ దించుకుని, "రండి రండి మాస్టారు గారూ. రాయి నిన్ననే అయిపోయింది. మీరు పంపిన కాయితం గోడకి పెట్టుకుని మక్కీకి మక్కీ దించానండి. అక్షరం పొల్లు పోలేదు" అన్నాడు.

గోనెపట్టా తీశాడు. నల్లటి రాయి, అద్దంలాగా ఉంది. నా మొహం అందులో కనబడింది. అక్షరాల్లో తెల్ల రంగు నింపి ఉంది. నా అక్షరాలే. గుండ్రంగా, పక్కపక్కనే. నాకు గర్వంగా అనిపించింది. నాన్న చదువుతున్నాడు.

*మరియమ్మ
ప్రభువునందు నిద్రించినది
ఈ రాయి వేయించినవారు
కుమారుడు జకరయ్య మాస్టారు గారు*

ఆయన మొహం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. తెలుగువాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మన పేరుకి మనం గారు పెట్టుకుంటే చంటిపిల్లాడు కూడా నవ్వుతాడు. అదీ కన్నతల్లి సమాధి మీద. అదీ తెలుగు మాస్టారు.

"ఇది నువ్వు రాసిందేనా?" అన్నాడు. బోర్డు ముందు అడిగే గొంతు.

"అవునండి."

"నేనేం రాసిచ్చాను?"

"జకరయ్య అనండి."

"మరి?"

"ఉత్తినే పేరు రాస్తే... తిట్టినట్టుంటుందండి" అన్నాను.

మస్తాన్ మేస్త్రీ నవ్వబోయి ఆపుకున్నాడు. "నేనూ అనుకున్నానండి, మాస్టారు గారే పంపారు, ఆయనకి తెలీదా అని. మీ కాయితంలో మార్చడానికి నేనెవర్నండీ?" అన్నాడు. చెరపడానికి ఇదేమన్నా పలకా అన్నాడు. ఆ రెండు మాటలూ ఉలితో తీసేస్తే గుంట పడుతుందట. మొత్తం మళ్ళీ అరగదీసి చెక్కాలంటే నాలుగు రోజులట. కూడిక రేపే. అందరికీ కబురు వెళ్ళిపోయింది.

నాన్న షెడ్డు బయటికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లారీలు వెళ్తున్నాయి. నేను వేపచెట్టు బోదె పట్టుకుని, చచ్చాన్రా దేవుడా అనుకుంటూ నిలబడ్డాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన పిల్లల్ని కొట్టడు, అదే వచ్చిన చిక్కు.

తిరిగొచ్చి, "కింద ఎంత ఖాళీ ఉంది?" అని అడిగాడు.

"ఒక వరస పడుద్దండి."

నాన్న జేబులోంచి సుద్దముక్క తీశాడు. రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మాస్టారు గారు అన్న మాట కింద, తిన్నగా ఒక వరస రాశాడు.

*వ్రాసినది: మనవరాలు సువార్త*

"ఇది కూడా చెక్కండి" అన్నాడు.

నేను ఆ వరస చదివాను. అర్థమైపోయింది. తప్పు, దాని కింద పేరు. బడిలో అయితే సాయంత్రం గంట కొడతారు, చెరిపేస్తారు. ఇది రాయి.

ఆ రాత్రికి మేస్త్రీ గారింట్లోనే ఉన్నాం. పొద్దు గూకకముందే వాళ్ళావిడ అన్నం పెట్టింది. కోడిగుడ్ల పులుసు, గోంగూర పచ్చడి, వేడన్నం. మా ఇంట్లో ప్రార్థన చేశాక ముద్ద ముట్టాలి. వాళ్ళు బిస్మిల్లా అని మొదలుపెడతారు. నాన్న కళ్ళు మూసుకుంటే మేస్త్రీ చెయ్యి కంచంలోంచి తీసి ఆయన కళ్ళు తెరిచేదాకా ఆగాడు. ఆ మర్యాద నాకు బాగా గుర్తు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

"ఏమ్మా, కారమా? గుంటూరు పిల్లవి, నీకు మా కారం ఒక లెక్కా" అంది ఆవిడ.

నాన్న నా వైపు చూశాడు. "మండుతోందా?" అని అడిగాడు. పేటలో నేను చెప్పింది గుర్తుపెట్టుకుని అడిగాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, "లేదండి" అన్నాను. ఇంత చేసి ఇంకా మండుతోందా అని అడుగుతాడేంటని మనసులో కోపంగా ఉంది. జీవితంలో మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది.

పొద్దున్నే బయల్దేరే ముందు వేపచెట్టు కింద విరిగిన ఉలి ముక్క ఒకటి దొరికింది. ఎవరూ చూడకుండా నా బట్టల సంచిలో వేసుకున్నాను.

ఒంగోలు: గోనెలో ఏముంది

రాయికి గడ్డి చుట్టి, గోనెపట్టాలు కుట్టి, ఒంగోలు బస్సు టాపు మీదికి ఎక్కించారు. ఒంగోలులో దించేటప్పుడు ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది. పలచగా, నాలుగు పలకలుగా ఉన్న ఆ గోనెమూటని బస్టాండులో అందరూ ఆగి చూశారు. అవి కొంచెం డబ్బున్న ఇళ్ళకి టీవీలు వస్తున్న రోజులు.

కొత్తపట్నం బస్సులు ఆగేచోటికి తీసుకెళ్ళడానికి నాన్న ఒక రిక్షా మాట్లాడాడు. రిక్షావాడు మూట ఎక్కించుకుంటూ, "టీవీనా సారూ? కలరేనా?" అన్నాడు.

"కాదు. మా అమ్మ సమాధి రాయి" అన్నాడు నాన్న.

రిక్షావాడు తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకున్నాడు. ఆ తర్వాత సీటు ఎక్కలేదు. గుంటలొచ్చినచోటల్లా దిగి ఎత్తినంత పని చేస్తూ, దారంతా నడిచే తోశాడు. "మా అమ్మకి మట్టే సారూ. రాయి వేయలేకపోయాను" అన్నాడు ఒకచోట. నాన్న దిగి, రెండో పక్క చెయ్యి వేసి ఆయనతో కలిసి తోశాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు మడిచి. బరువు పని చేస్తూ మా నాన్న కనబడటం నాకదే మొదలు. రిక్షాలో నేనూ రాయీ మాత్రమే కూర్చుని వెళ్ళాం.

ఒంగోలులో ఇడ్లీ మా గుంటూరు ఇడ్లీ కంటే చిన్నది. చట్నీ మాత్రం రెండు రకాలు వేస్తారు, అడిగితే మళ్ళీ వేస్తారు. నాలుగు తిన్నాను. కోపం కోపమే, ఆకలి ఆకలే.

కొత్తపట్నం

మా ప్రత్తిపాడులో నేల నల్లగా ఉంటుంది. వానొస్తే చెప్పులు లాగేసుకుంటుంది. ఇక్కడ నేలంతా ఇసక, చెప్పులు నింపేస్తుంది. గాలిలో మిరప ఘాటు లేదు, చేపల వాసన. చచ్చిన చేపలు తప్ప ఎరగని నాకు బతికిన చేప గంపలో ఎగరడం చూస్తే భయమేసింది.

బస్సు దిగామో లేదో ఒక నల్లటి మనిషి, భుజాన వలతో, దూరం నుంచే కేకేశాడు. "ఒరేయ్ జకరయ్యా! ఏరా, ఇప్పుడా రావడం?"

నేను బిత్తరపోయాను. మా నాన్నని ఒరేయ్ అన్నవాడికి ఏం జరుగుతుందోనని చూశాను. మా నాన్న నవ్వాడు. పళ్ళు కనబడేట్టు నవ్వాడు. "ఒరేయ్ పోలయ్యా, నువ్వింకా బతికే ఉన్నావా" అన్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే పడవలో తిరిగారట. పోలయ్య రాయిని ఒక్కడే భుజానికెత్తుకుని శ్మశానం దాకా మోశాడు. ఉత్తినే పేరు పెట్టి పిలిచినా తిట్టినట్టు లేదు. అదెలాగో నాకు బోధపడలేదు.

నాయనమ్మ చెల్లెలు సారమ్మ ఇంట్లో దిగాం. ఆమె నన్ను ముద్దు పెట్టుకుని, "అచ్చం అక్క మూతే" అంది. చేపల పులుసు మామిడికాయ వేసి వండింది. మా అమ్మ చింతపండు పోసి ఎర్రగా చేస్తుంది. ఇది పసుపుపచ్చగా, పలచగా ఉంది. నాన్న అందరితో కలిసి నేల మీద కూర్చుని తిన్నాడు. ముళ్ళు తీసిన ముక్కలు రెండు నా కంచంలో వేశాడు. నా వైపు కూడా చూడలేదు, మాట్లాడుతూనే వేశాడు.

మధ్యాహ్నానికి రాయి సిమెంటులో కూర్చోబెట్టారు. నాలుగింటికి కూడిక. పెద్దవాళ్ళు బెంచీలు తెచ్చే పనిలో ఉన్నారు. నేను సంచిలోంచి ఉలి ముక్క తీసుకుని ఒక్కదాన్నే సమాధి దగ్గరికి వెళ్ళాను. సరివి చెట్ల వెనక నాలుగు వరసల సమాధులు. అన్నిటిలోకీ కొత్తది, నల్లది మాది. రాతి మీద చివరి వరస ముందు కూర్చుని గీకడం మొదలుపెట్టాను. తెల్ల రంగు కొంచెం ఊడింది. రాయి చెక్కుచెదరలేదు. రెండు చేతులతో పట్టుకుని గీకాను. వేలు తెగింది.

"ఏం చేస్తున్నావు?"

నాన్న వెనకే నిలబడి ఉన్నాడు. ఇక దాచడానికేముంది.

"నా పేరు తీసేస్తున్నానండి."

"ఎందుకు?"

"తప్పు కింద నా పేరుందండి. గంట కొట్టినా ఎవరూ చెరపరు కదండి."

చెప్పేసి ఏడ్చాను. మార్టూరు నుంచి బిగబట్టుకున్న ఏడుపంతా అక్కడ ఏడ్చాను. నాన్న ఇసకలో నా పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ పంచెతో. నా చేతిలోంచి ఉలి ముక్క తీసుకుని, జేబురుమాలుతో నా వేలికి కట్టు కట్టాడు.

"శిక్ష అనుకున్నావా?" అన్నాడు.

తలూపాను.

"పిచ్చి పిల్లా" అన్నాడు. ఆ మాట అంతకుముందు ఆయన నోట నేను వినలేదు, ఎవర్నీ అనగా వినలేదు. "చూడు. నా పేరుకి నేను గారు పెట్టుకుంటే తప్పు. నువ్వు పెడితే అది తప్పెలా అవుతుంది? ఎవరు పెట్టారో తెలియకపోతే కదా తప్పు. అందుకని నీ పేరు వేయించాను. ఇప్పుడు ఇందులో తప్పు లేదు."

నేను ముక్కు ఎగబీల్చుకుంటూ రాయి చదివాను. మళ్ళీ చదివాను. నిజంగానే తప్పు లేదు.

"పైగా, వేయించినది అని నేనిస్తే నువ్వు వేయించినవారు అని మార్చావు" అన్నాడు. "గారు పెట్టగానే క్రియ మార్చాలని ఎవరూ చెప్పకుండానే మార్చావు. నిన్న మార్టూరులో రోడ్డు మీద నిలబడి అదే అనుకున్నాను. మా ఐదో తరగతి వాళ్ళు కూడా మార్చరు."

మా నాన్న నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. తొమ్మిదేళ్ళు ఎదురుచూస్తే వ్యాకరణం రూపంలో వచ్చింది. అయినా చాలా సంతోషమేసింది.

కూడికలో సంఘం అయ్యగారు ప్రార్థన చేశాక, చదువు రాని సారమ్మ నాయనమ్మ రాయి మీద చెయ్యి పెట్టి, "ఏం రాయించావురా, ఎవరన్నా చదవండి" అంది. నాన్న నా వైపు చూసి, "రాసినవాళ్ళే చదవాలి" అన్నాడు. లేచి నిలబడి చదివాను. ‘జకరయ్య మాస్టారు గారు’ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి పోలయ్య పకపకా నవ్వాడు. "ఏరా, అమ్మ దగ్గర కూడా గారేనా?"

నేను ఆగిపోయాను.

"ఆగావేం? చివరి వరస ఉంది కదా" అన్నాడు నాన్న, తరగతిలో అన్నట్టే.

"వ్రాసినది, మనవరాలు సువార్త" అని గట్టిగా చదివాను. చెట్ల అవతల సముద్రానికి కూడా వినబడేట్టు చదివాను.

"ఓ, పిల్ల రాసిందా" అన్నాడు పోలయ్య. "అయితే సరే. పిల్లలు అనాలి గారు. ఊరోళ్ళం మేమేం అంటాం?"

సముద్రం, తిరుగు బస్సు

మూడో రోజు పొద్దున్నే పోలయ్య మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. నాన్న పంచె పైకి కట్టి నీళ్ళలోకి దిగాడు. అప్పటిదాకా మా నాన్నకి మోకాళ్ళున్నాయని నాకు తెలీదు. ఎడమ మోకాలి మీద పెద్ద మచ్చ ఉంది, పడవ తగిలిందట. ఒక పీతని వెనక నుంచి ఒడుపుగా పట్టుకుని చూపించాడు. నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకోలేదు. కరుస్తుందండీ అంటే, "నేను పట్టుకున్నాను కదా" అన్నాడు. అప్పుడు వేలితో దాని వీపు ముట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోడానికేమీ లేదు. సారమ్మ నాయనమ్మ ఇచ్చిన ఎండు నెత్తళ్ళ మూట బస్సంతా కంపు కొట్టింది. పేట దాటాక మిరప ఘాటుకి అందరూ దగ్గుతుంటే ఇంటికొచ్చినట్టనిపించింది. నాన్న భుజం మీద తల పెట్టి నిద్రపోయానని అమ్మకి ఆయనే చెప్పాడట. నాకు తెలీదు.

సోమవారం బడిలో వ్యాసం రాయమన్నాడు. అంశం ‘నేను చేసిన ప్రయాణం’. నేను మూడు పేజీలు రాశాను. మిరప బస్తా, మజ్జిగ, రిక్షా, పీత, అన్నీ రాశాను. ఉలి ముక్క సంగతి రాయలేదు. మర్నాడు పుస్తకాలు ఇచ్చాడు. పదికి ఆరు. సొంత కూతురని అర మార్కు కలిపే మనిషి కాదు. ఒంగోలుకి కొమ్ము తప్పు, సరివికి గుడి తప్పు. అవి కాక మూడు పేజీలనిండా ఎర్ర సిరా.

మొదటి పేజీలో నేను, "మాస్టారు గారు నాకు నిమ్మకాయ సోడా కొనిపెట్టారు" అని రాశాను. ‘మాస్టారు గారు’ కొట్టేసి ఉంది. పైన, ఆయన పొందికైన రాతలో, ‘నాన్న’. క్రియ కూడా మార్చాడు. కొనిపెట్టాడు. ప్రతి వాక్యంలోనూ అంతే. మాస్టారు గారు రిక్షా తోశారు కాదు, నాన్న రిక్షా తోశాడు. చివరి పేజీ అడుగున ఎప్పుడూ రాసే మాటే రాసి ఉంది: ‘సరైన మాట పదిసార్లు రాయుము.’

రాశాను. సాయంత్రం ఆయన కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి, "రాశాను నాన్నా" అన్నాను. నాలుక కొంచెం తడబడింది. ఆయన తలెత్తలేదు. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి. టిక్కు పెట్టాడు. పుస్తకం మాత్రం తిరిగివ్వలేదు. మర్నాడు నాకు కొత్తది కొన్నాడు.